ఏడో నంబరు కుర్చీ

బళ్లారి చౌరస్తా దాటినాక
పెట్రోలు బంకు వెనక రేకుల షెడ్డులో
పన్నెండు కుర్చీలు, ఒక తెర, ఒక మంచుకొండ.
తొమ్మిదేండ్లుగా ఆ కొండ మీదినుంచి
రోజుకు ముప్పైసార్లు
కర్నూలు జనాన్ని కిందికి దించుతాండ.

టికెట్టు ఎనభై రూపాయలు.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
మొదటి మలుపులో దేవదారు చెట్లు,
రెండో నిమిషంలో విరిగిన వంతెన,
సరిగ్గా అప్పుడు నేను ఎర్ర బటను నొక్కాల.
కాళ్ల సందున చల్లగాలి,
ముఖాన చిటికెడు నీళ్లు.
బయట ఎండ నలభై నాలుగు.

మొన్న హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చినాడు,
ల్యాప్‌టాప్ సంచి నిండా కొత్త సినిమాలు.
"ఇంకా ఈ వెలిసిపోయిన మంచేనా సార్?
జనం మళ్లీ రావాలంటే మార్చాల్సిందే.
డ్రాగన్లు వద్దంటే ఇదే కొండ కొత్త ప్రింటు ఉంది,
చెట్టుకు ఒక్కో ఆకూ లెక్కపెట్టుకోవచ్చు.
వంతెన మాత్రం తీసేశారు."
మూడు లక్షల ఇరవై వేలు.
మా ఖలీలుల్లా సాబ్ టీ గ్లాసు కింద పెట్టి
నా పక్క చూసినాడు:
"మద్దిలేటీ, నువ్వేమంటావు?"

నేనేమంటా.
ఏడో నంబరు కుర్చీ పిస్టను నూనె కారుతాంది,
దాని కింద పాత చీరగుడ్డ పరిచింది నేనే.
కొత్త డ్రాగను వచ్చి దాంట్లో కూర్చున్నా
దానికీ నడుం పట్టుకుంటాది.

పాతదే, కాదనను.
వంతెన దగ్గర తెర మీద ఒక అడ్డగీత పడతాది,
చిన్నపిల్లలు దాన్ని మెరుపనుకుంటారు.
జోహరాపురం ఇమాం ఇరవైరెండుసార్లు ఎక్కినాడు,
గుంత రాకముందే అరుస్తాడు.
వాని అరుపుకే పక్కనోళ్లు జడుసుకుంటారు.
వంతెన లేని కొండ మీద
వాడు యాడ అరవాల?
మళ్లా ఏమీ తెలియనోడు కావడం
వానికి మంచిదేమో కూడా.
నాకు తెలీదు.

సాబ్ మళ్లా అడిగితే నోరు జారినా:
మార్చేదైతే మనది తీపియ్యండి సార్.
బేతంచెర్ల నాపరాళ్ల గనిలోకి ట్రాలీ జారాల,
బెలుం గుహ చీకట్లో మలుపు తిరగాల,
ఓర్వకల్లు రాళ్ల నడుమ గాల్లోకి లేసి
సుంకేసుల గేట్లెత్తినప్పుడు ఆ నురగలో పడాల.
ఎర్ర బటను అప్పుడు నొక్కుతా, చూడండి!
సాబ్ నవ్వలేదు.
సిగరెట్టు పెట్టె మీద డ్రోను బాడుగ లెక్కేసినాడు.

ఆదివారం బేతంచెర్ల నుంచే ఒక కుటుంబం వచ్చింది.
ఆమె పేరు సుంకులమ్మ, గనిలో పలకలు మోస్తాది.
కనుబొమల్లో దుమ్ము ఇంకా ఉంది.
ఊరికే అడిగినా,
మీ గనే తెర మీద చూపిస్తే ఎట్లుంటాదక్కా అని.
"ఎనభై రూపాయలిచ్చి రాళ్లు చూడాల్నా నాయనా?
దినామూ చూసి సచ్చేది అవే గదా.
ఆ తెల్లది ఉంది చూడు, అదే వెయ్యి."

తెల్లది.
ఆమెకు తెలిసిన తెల్లది
దులిపితే గాని పోదు.
ముఖాన నీళ్లు పడినప్పుడు
తుడుచుకొని, అరచేయి తెరిచి
చీకట్లోనే చూసుకుంది,
ఏమైనా మిగిలిందేమో అని.

నా సినిమా ఆ రోజే ఆగిపోయింది.

సాబ్ చివరికి పద్దెనిమిది వేలు తీసినాడు, పిస్టనుకు.
మిగతాది దసరా తర్వాత చూద్దాం అన్నాడు.
ఆదోని నుంచి మెకానిక్కు వచ్చి
రెండు రాత్రులు కుర్చీ కిందే పండుకున్నాడు.
చీరగుడ్డ తీసి బయట పారేసినా.

నిన్న ఏడో కుర్చీలో ఇమాం కూర్చున్నాడు.
అదే కొండ, అదే చెట్లు, అదే గీత.
గుంత మాత్రం
వాని అరుపు కంటే ముందొచ్చింది.
దిగి వచ్చి, చెప్పు ఒకటి యాడనో పోగొట్టుకొని,
నా కిటికీ పట్టుకొని అడిగినాడు:
"సినిమా మార్చినారా అన్నా?"

బల్ల మీద హైదరాబాదు ఫోను మోగుతానే ఉంది.
నేను వాని చెప్పు వెతుకుతాండ.